జెన్ ఏఐ మీద ఆన్‌లైన్ ఎఫ్‌డీపీ చేశాక మీ క్లాసులో నిజంగా ఏం మారింది?

బ్రాడీపేట కామర్స్

అందరికీ నమస్కారం అండీ. గుంటూరులో ఒక డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్తాను, పద్నాలుగేళ్ళ సర్వీసు. సెమిస్టర్ మొదలయ్యే లోపు అందరూ జెనరేటివ్ ఏఐ మీద ఒక ఎఫ్‌డీపీ (ఫ్యాకల్టీ డెవలప్‌మెంట్ ప్రోగ్రాం, అంటే లెక్చరర్లకిచ్చే శిక్షణ) చేసి సర్టిఫికెట్ ఫైల్లో పెట్టాలన్నారు మా ప్రిన్సిపాల్ గారు, సరే అని ఐదు రోజుల ఆన్‌లైన్‌ది ఒకటి చేశాను, పొద్దున పదింటికి ఒక సెషన్ మధ్యాహ్నం రెండింటికి ఒకటి, మూడొందల మంది పైనే ఉన్నాం, మైకులన్నీ మ్యూట్. చెప్పినవాళ్ళు బాగా తెలిసినవాళ్ళే, కాదనను. ప్రాంప్ట్ (ఏఐని అడిగే మాట) ఎట్టా రాయాలి, స్లైడ్లు చేసే టూల్ ఏది, బొమ్మలు గీసేది ఏది, క్వశ్చన్ పేపర్ సెట్ చేసేది ఏది, ఇట్టా ఇరవై పేర్లు రాసుకున్నాను. చివర్లో గూగుల్ ఫారంలో క్విజ్, తర్వాత మెయిల్లో సర్టిఫికెట్.

సోమవారం సెకండియర్ క్లాసుకి వెళ్తే అరవై అసైన్‌మెంట్లు టేబుల్ మీద ఉన్నాయి, అందులో నలభై దాకా ఒకే వాక్యంతో మొదలయ్యాయి. నేను ఆ పిల్లల్తో ఏం మాట్లాడాలో, వచ్చే అసైన్‌మెంట్ ఎట్టా ఇవ్వాలో ఆ ఐదు రోజుల్లో ఎవరూ చెప్పలేదు. ఎఫ్‌డీపీ తర్వాత మీ క్లాసులో ఒక్కటైనా మారిందా? మారితే ఏ సబ్జెక్టు, ఎట్టా చేశారు? టూల్స్ లిస్టు వద్దండీ, నా దగ్గర చాలా ఉన్నాయి. క్లాసులో జరిగింది చెప్పండి.

కానూరు సీఎస్ఈ

మేడం గారూ మా బాధా ఇదే. చాట్‌జీపీటీ వచ్చింది 2022 నవంబర్ 30న, ఆ సంక్రాంతి దాటేసరికే మా ఫస్టియర్ సీ ల్యాబ్ రికార్డులు మారిపోయాయి, క్లాసులో అరేల (ఒకే పేరు కింద వరసగా ఉండే గడుల) దగ్గర ఉంటే రికార్డులో ఇంకా చెప్పని పాయింటర్లు కనపడేవి. నేను ఇప్పటికి మూడు ఎఫ్‌డీపీలు చేశాను (2025ని ఏఐసీటీఈ, అదే సాంకేతిక విద్యా మండలి, ఏఐ సంవత్సరంగా ప్రకటించింది కదా, అప్పట్నుంచి మా మెయిల్‌కి వారానికి రెండు బ్రోచర్లు వస్తున్నాయి), రెండిట్లో ఏం మిగల్లేదు, మూడోదాంట్లో ఒక్క గంట పనికొచ్చింది. ఆ గంటలో ఆ సార్ మమ్మల్ని మా సొంత ల్యాబ్ షీటు తెరవమన్నారు, అందులో ఒక ప్రోగ్రాం ఏఐకి ఇచ్చి రాయించమన్నారు, ఇప్పుడు దీన్నే పిల్లాడికిచ్చి ఏం అడుగుతారు అన్నారు. అంతే.

ఇప్పుడు నేను చేసేది ఏంటంటే ఏఐ రాసిన ప్రోగ్రామే నేను ప్రింట్ తీసి ఇస్తాను, ఒక్క చోట లూప్ కండిషన్ మార్చి. ఐదు గడుల అరే, లూప్ మాత్రం ఆరోసారి కూడా తిరుగుద్ది. పిల్లాడికి పెన్సిల్ ఇచ్చి ఐ విలువకి ఒక గడి, టోటల్‌కి ఒక గడి గీసుకుని వరసగా నింపు అంటాను, ఫోన్ బ్యాగులో పెట్టించి. ఐదో వరస దాకా పెన్సిల్ గబగబా వెళ్తుంది, అక్కడ ఆగుద్ది, ఆరో వరస ఉందా లేదా అని నా మొహం వంక చూస్తాడు. నేను చెప్పను. "కండిషన్ మళ్ళీ చదువు" అంటాను. ఆ ఆగిన చోట వాడికి అరే అర్థమవుద్ది, నేను బోర్డు మీద పదిసార్లు చెప్పినా కానిది. రికార్డుకి మార్కులు తగ్గించి వైవాకి పెంచాం, హెచ్‌ఓడీ గారు ఒప్పుకున్నారు కాబట్టి కుదిరింది.

పటమట ఇంగ్లీష్ లెక్చరర్

నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి, మిగతావాళ్ళు చెయ్యకూడదని రాస్తున్నా. ఎఫ్‌డీపీలో ఒక రోజంతా ఏఐ డిటెక్టర్ల (మనిషి రాసిందా ఏఐ రాసిందా అని చెప్పే టూల్స్) గురించి చెప్పారు, అందులో ఫ్రీగా వచ్చేది ఒకటి వాడి నేను పిల్లల వ్యాసాలు పెట్టి చూశాను. టాపిక్ 2024 సెప్టెంబర్ బుడమేరు వరద. సింగ్ నగర్ నుంచి వచ్చే ఒక అమ్మాయి, ఇంటర్ దాకా తెలుగు మీడియం, ఆమెది 82 శాతం ఏఐ అని చూపించింది. క్లాసు అయ్యాక పిలిచి అడిగాను, కొంచెం గట్టిగానే. ఏడ్చింది. కాపీ కొట్టలేదు మేడం అంది. నమ్మకం కలక్క అక్కడే కూర్చోబెట్టి పేపర్ మీద ఒక పేరా రాయమన్నా, అదే శైలిలో రాసింది, గైడ్లలో కంఠతా పట్టిన వాక్యాలు, వరద అనేది ఒక ప్రకృతి వైపరీత్యం అన్న మోస్తరు ఇంగ్లీష్.

తర్వాత చదివితే తెలిసింది, 2023లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు ఏడు డిటెక్టర్లకి ఇంగ్లీష్ మాతృభాష కాని వాళ్ళు టోఫెల్ అనే ఇంగ్లీష్ పరీక్ష కోసం రాసిన 91 వ్యాసాలు ఇచ్చి చూశారట, మనుషులు రాసిన వాటినే సగటున 61 శాతం ఏఐవి అన్నాయి. పదాలు తక్కువగా, పద్ధతిగా రాస్తే మెషీన్ రాసిందనుకుంటాయి. మన పిల్లలు అట్టానే రాస్తారు, అట్టా రాయమని నేర్పింది మనమే. ఓపెన్ఏఐ వాళ్ళే తమ డిటెక్టర్ని సరిగ్గా పని చెయ్యట్లేదని 2023 జూలైలో తీసేశారు. నేను చేసిన ఎఫ్‌డీపీ ఆ తర్వాతదే, ఈ రెండు ముక్కలు మాత్రం అక్కడ రాలేదు.

ఆ అమ్మాయికి సారీ చెప్పాను, క్లాసులో అందరి ముందు. తర్వాత ఊరికే అడిగాను, వరదప్పుడు మీ ఇంట్లో ఏం జరిగిందమ్మా అని. "నీళ్ళు ఏడో మెట్టు దాకా వచ్చినయ్ మేడం, మా నాయనమ్మని మంచంతో సహా పైకి మోసుకెళ్ళాం, రెండు రోజులు బ్రెడ్డు తిన్నాం" అంది. మరి ఇది వ్యాసంలో లేదేం అంటే ఇంగ్లీష్‌లో రాదు మేడం అంది. నాకు అక్కడ దారి దొరికింది. ఇప్పుడు మొదటి డ్రాఫ్ట్ తెలుగులోనే, చేత్తో, క్లాసులోనే రాస్తారు. ఆ తర్వాత ఫోన్లు తీసి ఆ వాక్యాన్ని ఏఐకి ఇచ్చి ఇంగ్లీష్‌లో రెండు రకాలుగా చెప్పమంటారు, రెండిట్లో ఏది తన మాటలాగా ఉందో ఎంచుకుని ఎందుకో పక్కన రాస్తారు. ఏడో మెట్టు వ్యాసంలోకి వచ్చింది.

తెనాలి తెలుగు

మేడం గారి పోస్టు చదివి కాసేపు ఏం రాయలేకపోయాను. నేను ఆరేళ్ళలో రిటైరవుతాను, కంప్యూటర్ అంటే నాకు జీతం స్లిప్పు వరకే, అయినా మా అబ్బాయి కూర్చోబెట్టి నేర్పాడు. ఎఫ్‌డీపీలో తెలుగు వాళ్ళకంటూ ఒక్క ఉదాహరణ లేదు, అన్నీ ఇంజనీరింగువే.

నేను బీఏ పిల్లలకి ఛందస్సు చెప్పేటప్పుడు ఒక ఉత్పలమాల పద్యం ఏఐకిచ్చి గణవిభజన చెయ్యమన్నాను. ఉత్పలమాలకి భ ర న భ భ ర వ, యతి పదో అక్షరం, ఆ సంగతి అడిగితే సరిగ్గానే చెప్పింది. తీరా పాదాన్ని విడగొట్టేసరికి సంయుక్తాక్షరం ముందున్న అక్షరాన్ని లఘువు అనేసింది, దాంతో గణాలన్నీ జరిగిపోయాయి, పాదానికి ఇరవై అక్షరాలు ఉండాల్సింది పందొమ్మిదే లెక్కపెట్టింది, అయినా ఉత్పలమాలే అని ధీమాగా రాసింది. ఆ జవాబు యథాతథంగా బోర్డు మీద రాశాను. ఎక్కడ తప్పింది చెప్పండి అన్నాను. ముప్పై ఏళ్ళలో గురులఘువుల మీద పిల్లలు బెంచీల మీంచి లేచి వాదించుకోవటం చూళ్ళేదు నేను. వెనక బెంచీ కుర్రాడు వచ్చి చాక్‌పీస్ తీసుకుని సంయుక్తాక్షరం కింద గీత గీసి "దీని ముందుది గురువు అవ్వాలి సార్" అన్నాడు. వాడు మొదటి ఇంటర్నల్‌లో అదే ప్రశ్న వదిలేసినవాడు.

కానూరు సీఎస్ఈ

మాస్టారూ దానికి ఒక కారణం కూడా ఉందండీ, ఈ మోడల్స్ అక్షరాల్ని మనం చూసినట్టు చూడవు, టోకెన్లు అని ముక్కలు చేసుకుంటాయి, ఒత్తు ఒక ముక్కలో అసలక్షరం ఇంకో ముక్కలో పడొచ్చు, అందుకే అక్షరాలు లెక్కపెట్టమంటే తడబడతాయి. తెలుగుకి మొదట్లో చాలా ముక్కలు పడేవి, 2024 మేలో జీపీటీ-4ఓ వచ్చినప్పుడు తెలుగు టోకెన్లు మూడున్నర రెట్లు తగ్గాయని ఓపెన్ఏఐ వాళ్ళే చూపించారు. మీ పిల్లలకి ఈ సంగతి చెప్పండి, వాళ్ళకి నచ్చుద్ది.

తెనాలి తెలుగు

చెప్తాను బాబూ. అక్షరానికీ మాత్రకీ తేడా చెప్పేటప్పుడు ఇది కలుపుతాను.

గెస్ట్ ఫ్యాకల్టీ, లక్ష్మీపురం

అందరూ బాగా రాశారు కానీ నా పరిస్థితి కూడా వినండి. నాకు వారానికి 24 గంటలు క్లాసులు, రెండు కాలేజీలు. ఎఫ్‌డీపీ లైవ్ సెషన్ వచ్చేది క్లాసు టైంలోనే, స్టాఫ్ రూంలో ఫోన్ ఆన్ చేసి పెట్టి క్లాసుకి వెళ్ళాను, హాజరు 80 శాతం ఉండాలన్నారు కాబట్టి. నేర్చుకోవాలని లేక కాదు. లెసన్ ప్లాన్, కోర్సు ఫైలు, సీఓ-పీఓ మ్యాపింగ్ (కోర్సు లక్ష్యాల్ని డిగ్రీ లక్ష్యాలతో జతచేసే పట్టిక) ఇవన్నీ ఏఐతో రాయించుకుంటున్నా, దాని వల్ల ఆదివారం నా పాపతో రెండు గంటలు దొరుకుతున్నాయి. అది తప్పంటే ఒప్పుకోను.

మంగళగిరి కోఆర్డినేటర్

తప్పెందుకమ్మా, ఆ రెండు గంటలు నీవి. నేను ఎఫ్‌డీపీలు పెట్టించే వైపు మనిషిని, అటు నుంచి చెప్తాను. రిజిస్ట్రేషన్ల సంఖ్య ఎక్కువుంటే రిపోర్టు బాగుంటుందని మూడొందలు నాలుగొందల మందిని తీసుకున్నాం మేము కూడా. చాట్‌లో గుడ్ మార్నింగ్ సార్లు తప్ప ఏమీ ఉండేవి కాదు. కిందటేడు పద్ధతి మార్చాం. నలభై మందే. ఐదు రోజులు ఏకబిగిన కాకుండా వారానికి రెండు సాయంత్రాలు, ఏడున్నర నుంచి తొమ్మిది, నాలుగు వారాలు. చేరాలంటే మీ సిలబస్‌లో ఒక యూనిట్, దానికి మీరు ఇచ్చిన పాత అసైన్‌మెంట్ ఒకటి పంపాలి. మొదటి వారం దాన్ని ఏఐకిచ్చి ఏం రాస్తుందో చూస్తారు, రెండో వారం తిరగరాస్తారు, మూడో వారం నిజంగా క్లాసులో పెడతారు, నాలుగో వారం పిల్లలు ఏం రాశారో తెచ్చి చూపిస్తారు. పన్నెండు మంది మధ్యలో మానేశారు. మిగతా ఇరవై ఎనిమిది మంది వాట్సాప్ గ్రూపు ఇంకా నడుస్తోంది, అది నాకు ముఖ్యం.

నేర్పేవాళ్ళు కూడా బయట్నుంచి అక్కర్లేదని తెలిసింది. మా బ్యాచ్‌లో బాగా చెప్పింది ఒక జువాలజీ మేడం.

ఇంకొకటి, దయచేసి మార్కుల లిస్టులు, ఫోన్ నంబర్లున్న అటెండెన్స్ షీట్లు ఏఐలో అప్‌లోడ్ చెయ్యొద్దు. మా దగ్గర ఒకరు సెక్షన్ మొత్తం షీటు పేర్లతో సహా పెట్టారు, చెడు ఉద్దేశం ఏం లేదు, సగటు తీద్దామని. 2023లో వ్యక్తిగత డేటా చట్టం వచ్చింది, అది అట్టా ఉంచండి, ఆ పిల్లల వివరాలు మనల్ని నమ్మి ఇచ్చినవి. పేర్లు, రోల్ నంబర్లు తీసేసి పెట్టండి, సెట్టింగ్స్‌లో డేటా కంట్రోల్స్‌కి వెళ్ళి మన చాట్ల మీద ట్రెయినింగ్ జరక్కుండా ఆఫ్ చేసుకోండి.

ఫిజిక్స్, గొల్లపూడి

లైవ్ కుదరనివాళ్ళకి ఎన్‌పీటీఎల్ (ఐఐటీల వాళ్ళ ఆన్‌లైన్) కోర్సులు నయం, వీడియో రాత్రి చూసుకోవచ్చు, అసైన్‌మెంట్లకి 25, సెంటర్‌కి వెళ్ళి రాసే పరీక్షకి 75, పరీక్ష ఉంది కాబట్టి చదువుతాం. కొన్ని కోర్సులు ఎఫ్‌డీపీ కింద కూడా లెక్కకొస్తాయి. నేను నా నోట్స్ గూగుల్ వాళ్ళ నోట్‌బుక్ఎల్ఎం అనే ఏఐ టూల్‌లో పెట్టి వాడుతున్నా, నేనిచ్చిన నోట్స్‌లోంచే జవాబు చెప్పి ఎక్కణ్ణుంచి తీసుకుందో చూపిస్తుంది. నా నోట్స్‌లోనే ఒక తప్పు అట్టా బయటపడింది, యూనిట్లు మార్చటంలో.

బ్రాడీపేట కామర్స్

మూడు వారాలైంది, మీరందరూ చెప్పినవి కలిపి ఒకటి చేశాను, అది చెప్దామని వచ్చాను.

కోఆర్డినేటర్ గారన్నట్టు పాత అసైన్‌మెంట్ ముందేసుకున్నాను, "వ్యయాల వర్గీకరణను వివరింపుము". ఏఐకి అది అర నిమిషం పని. దాన్ని తీసేసి, మా పిల్లల్లో సగం మంది మిర్చి రైతుల పిల్లలే కదా, ఇంట్లో పాత తక్‌పట్టీ (సరుకు అమ్మాక ఖర్చులు తీసి రైతుకెంతో రాసిచ్చే లెక్కల చీటీ) ఒకటి తెమ్మన్నాను, లేనివాళ్ళు పక్కింట్లో అడగండి అన్నాను. పందొమ్మిది వచ్చాయి, మడతలు పడి, కొన్నిటికి ఇంకా మిరప ఘాటు. నలుగురికొకటి ఇచ్చి, దీన్ని ఫోటో కాకుండా మాటల్లో రాసి ఏఐని అడగండి, రైతు చేతికి ఎంత రావాలి, ఏది ప్రత్యక్ష ఖర్చు ఏది పరోక్షం అని.

ఒక గ్రూపుకి టిక్కీ అంటే బంగాళాదుంపతో చేసే తినే పదార్థం అని చెప్పింది. మిర్చి బస్తా అని వీళ్ళు దానికి చెప్పాల్సొచ్చింది. ఇంకో గ్రూపుది 32 టిక్కీల పట్టీ, జవాబు చక్కగా టేబుల్ వేసి ఇచ్చింది, చూట్టానికి నా బోర్డు కంటే బాగుంది. ఆ పట్టీ తెచ్చిన అమ్మాయి, ప్రత్తిపాడు వైపు, ఎప్పుడూ నోరెత్తదు, టేబుల్ వంక చూసి "హమాలీ బస్తాకింత అని కదా మేడం, ఇదేంటి మొత్తం మీద శాతం వేసింది, మా నాన్న ఇట్టాగైతే ఒప్పుకోడు" అంది. మళ్ళీ చేత్తో లెక్కేశారు. వాళ్ళ నాన్నకి వచ్చిన మొత్తంతో సరిపోయింది. బస్తాల సంఖ్యతో పాటు పెరిగే ఖర్చు, అమ్మకం విలువతో పాటు పెరిగే ఖర్చు వేరువేరని నేనింకా ఆ చాప్టర్ మొదలుపెట్టకముందే ఆ అమ్మాయి నోట వచ్చింది.

అన్నీ బాగా జరిగాయని కాదు, టౌను పిల్లలు కొందరు విసుక్కున్నారు, రెండు గ్రూపులు లెక్క పూర్తి చెయ్యలేదు, ఒక గంట అనుకున్నది మూడు గంటలు పట్టింది, సిలబస్ వెనకపడింది. శనివారం ఎక్స్‌ట్రా క్లాసు పెట్టాను.

గెస్ట్ ఫ్యాకల్టీ, లక్ష్మీపురం

మేడం ఆ షీటు ఇక్కడ పెడతారా? నాకు కొత్తగా తయారు చేసుకునే టైం ఉండదు, మీది ఉంటే వచ్చే వారమే వాడతాను.

బ్రాడీపేట కామర్స్

తప్పకుండా అమ్మా. ప్రశ్నలు టైపు చేసి, ఒక తక్‌పట్టీలో పేరు, ఊరు కొట్టేసి రేపు సాయంత్రం లోపు పెడతాను. మీ పిల్లలు ఏం రాశారో మాత్రం వచ్చి చెప్పాలి.