అఫ్రేకు ‘దొమ్మీ’ సరైన మాటేనా?

చట్టంలో వాడే ఇంగ్లీషు మాట ‘అఫ్రే’ను తెలుగులో దొమ్మీ అనవచ్చునా అని గుంటూరు మిత్రులొకరు అడిగారు. అనకూడదని నా అభిప్రాయం. దొమ్మీ అనగానే మనకు గుంపు కళ్ల ముందు నిలుస్తుంది. కోర్టు వ్యవహారంలో దొమ్మీ కేసు అంటే ‘రయటింగ్’, దానికి కనీసం అయిదుగురు ఉండాలి. అఫ్రేకు ఇద్దరు చాలు. 1860 నాటి భారత శిక్షాస్మృతి 159వ సెక్షను ప్రకారం, ఇద్దరు గాని అంతకు మించి గాని బహిరంగ స్థలంలో కొట్టుకొని ప్రజాశాంతికి భంగం కలిగిస్తే అది అఫ్రే. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 194వ సెక్షను. జైలుశిక్ష నెల రోజులకు మించదు. జరిమానా గరిష్ఠ పరిమితి మాత్రం వంద నుంచి వెయ్యి రూపాయలకు పెరిగింది.

ఈ మాట పుట్టుక చూస్తే నాకు ముచ్చట వేస్తుంది. దీని మూలంలో కొట్టుకోవడం అనే అర్థమే లేదు. జర్మానిక్ భాషల్లో శాంతికి ఉన్న పాత మాటకు (నేటి జర్మన్ ‘ఫ్రీడెన్’ దాని బంధువే) లాటిన్ ‘ఎక్స్’ ముందు చేరి, శాంతిలోంచి బయటికి లాగడం అనే అర్థం ఏర్పడింది. పాత ఫ్రెంచిలో అది కలవరపెట్టడం, భయపెట్టడం అయింది. ఇంగ్లీషుకు వచ్చాక, ఆ భయానికి కారణమైన కొట్లాటకే పేరుగా స్థిరపడింది. మనం రోజూ వాడే ‘అఫ్రెయిడ్’ ఈ క్రియకు భూతకాల రూపమే. కొట్లాటకే ఇంగ్లీషులో ఉన్న మరో మాట ‘ఫ్రే’, తల తెగిన అఫ్రే.

అరండల్‌పేటలో ఒక సాయంత్రం, బండి పెట్టుకునే చోటు కోసం ఇద్దరు పండ్ల వ్యాపారులు చొక్కాలు పట్టుకున్నారు. పక్కన ఇడ్లీలు వేస్తున్న ఆవిడ కాగుతున్న నీళ్ల గిన్నెను గబగబా గోడ వైపుకు జరిపి, పిల్లవాణ్ణి వెనక్కి లాక్కుంది. మందుల దుకాణం అతను షట్టరు సగానికి దించాడు. కొట్టుకున్నది ఇద్దరే అయినా, భయం వీధంతా పాకింది. అఫ్రే అసలు అర్థం నాకు ఆ సగం దించిన షట్టరులో కనిపించింది.

1769లో ఇంగ్లీషు న్యాయశాస్త్రవేత్త బ్లాక్‌స్టన్ కూడా, ఇది రాజు ప్రజలకు భీతి కలిగించే బహిరంగ పోరాటమనీ, చాటున జరిగితే అఫ్రే కాదనీ రాశాడు. ఇంగ్లండు 1986 చట్టం ఆ భయాన్నే పట్టుకొని, గుండెనిబ్బరం గల మనిషి అక్కడ ఉంటే తన క్షేమం గురించి భయపడతాడా అన్నదాన్ని కొలమానం చేసింది. చాటున జరిగినా నేరమే అంది. మన నిర్వచనంలో భయం ప్రస్తావన లేదు, ప్రజాశాంతి ఉంది. ధాతువులో ఉన్నది కూడా శాంతే కాబట్టి, మూలానికి మన సెక్షనే దగ్గర.

తెలుగులో నేను ‘బజారు కొట్లాట’ అంటాను. కొట్లాట, పోట్లాట, కుమ్ములాట అనే మాటల్లోని ‘ఆట’ ఇరువైపులా చేతులు లేచాయని చెబుతుంది. ఒకడు కొట్టగా మరొకడు ఊరికే తింటే అది కొట్లాట కాదు, మన చట్టం దృష్టిలో అఫ్రే కూడా కాదు. ఇక ‘బజారు’ అన్న మాట బహిరంగ స్థలాన్ని తెస్తుంది; ఇంటి తగవు బజారుకెక్కింది అని మనం అనేది ఆ గీత దాటినప్పుడే. అయితే ఇడ్లీ బండి ఆవిడ భయం మాత్రం ఇందులో పలకదు. దాన్ని కూడా పలికించే మాట మీ ఊళ్లో వాడుకలో ఉంటే తెలియజేయండి.