పెద్దక్షరం లేని భాషలో మృత్యువును మనిషిగా ఎలా చూపాలి?

విజయనగరం పంతులమ్మ:

ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పాను. ఇప్పుడు తీరిక దొరికి అమెరికా కవయిత్రి ఎమిలీ డికిన్సన్ కవితలను తెలుగు చేస్తున్నాను. ఆమె లయకూ, ఎక్కడపడితే అక్కడ గీసే అడ్డగీతలకూ ఏదో ఒక దారి దొరుకుతోంది. పెద్దక్షరాల దగ్గరే, అంటే ఇంగ్లీషు క్యాపిటల్ లెటర్ల దగ్గరే, ఆగిపోతున్నాను.

మృత్యువు బండి తెచ్చి ఆమెను ఎక్కించుకుపోయే కవిత మీలో చాలామంది చదివే ఉంటారు. అందులో మృత్యువుకు పెద్దక్షరం ఉంది సరే, బండికీ బడికీ పిల్లలకూ గుర్రాల తలలకూ కూడా ఉంది. అసలు నామవాచకమే కాని 'మేము' అనే అర్థమిచ్చే మాటకూ ఉంది. నామవాచకాలను అలా అచ్చువేసే అలవాటు ఇంగ్లీషులో 18వ శతాబ్దం రెండో సగానికే సన్నగిల్లింది. డికిన్సన్ పుట్టింది 1830లో. కాబట్టి ఇది తన కాలపు అచ్చు చూసి నేర్చుకున్నది కాదు, ఆమె కోరి పెట్టుకున్నదే అని నా నమ్మకం.

ఆమె పోయిన నాలుగేళ్లకు, 1890లో, తొలి సంపుటి వచ్చింది. దాని సంపాదకులు మృత్యువుకూ అమరత్వానికీ పెద్దక్షరం ఉంచి, బండికీ బడికీ పిల్లలకూ తీసేశారు. ఒక చరణం మొత్తం ఎత్తేసి, ఆమె పెట్టని శీర్షిక పెట్టారు. థామస్ జాన్సన్ అనే మరో సంపాదకుడు 1955లో చేతిరాతలు చూసి వాటిని తిరిగి పెట్టేదాకా పాఠకులు ఆ దిద్దిన రూపాన్నే చదివారు. తలచుకుంటే ఇప్పటికీ నాకు కష్టంగా ఉంటుంది.

నేను మొదట ఆ మాటలను బొద్దు అక్షరాల్లో పెట్టి ఒక పత్రికకు పంపాను. అచ్చులో చూస్తే పరీక్ష కోసం గుర్తుపెట్టుకోవలసిన మాటల్లా ఉన్నాయి. తర్వాత కొటేషన్ గుర్తులు పెట్టి చూశాను. అవి పెట్టగానే మృత్యువు 'మృత్యువు అనబడేది' అయిపోయింది. తెలుగులో ఆ గుర్తులు మాటను పైకెత్తవు, అనుమానిస్తాయి. మీరైతే ఏం చేస్తారు?

స్టట్‌గార్ట్ నుంచి:

ఇక్కడ జర్మన్‌లో ప్రతి నామవాచకానికీ పెద్దక్షరమే. చెంచాకూ దేవుడికీ తేడా లేదు కనుక పాఠకుడికి అందులో ప్రత్యేకమైన సంకేతం ఏదీ అందదు. భాషావేత్త యాకోబ్ గ్రిమ్‌కు ఈ పద్ధతి నచ్చక తన నిఘంటువులో నామవాచకాలకు చిన్నక్షరాలే వాడాడు. డెన్మార్క్ 1948లో దీన్ని వదిలేసింది. జర్మన్లు వదలలేదు.

ఒక్కచోట మాత్రం పెద్దక్షరం అర్థాన్నే మారుస్తుంది. 'జీ' అనే సర్వనామం చిన్నక్షరంతో ఉంటే 'ఆమె' లేదా 'వాళ్లు'. వాక్యం మధ్యలో పెద్దక్షరంతో ఉంటే 'మీరు'. వచ్చిన కొత్తలో ఒక ఉత్తరం చదువుతూ, ఎవరో మూడో మనిషి గురించి రాశారనుకున్నాను. వాళ్లు రాసింది నా గురించే. మనం మాటలో, క్రియలో చూపించే మర్యాదను వాళ్లు కాగితం మీద ఆ ఒక్క అక్షరంలో పెట్టారు. అది అక్షరంలోకి రాకముందు ఏమై ఉండేదో వెతకండి, తెలుగులో దాని చోటు దొరుకుతుంది.

తెనాలి మాస్టారు:

పంతులమ్మగారూ, ఆ చోటు మన వ్యాకరణంలో ఉంది. మగవారిని చెప్పే మాట మహద్వాచకం, వస్తువుల వంటి మిగతావాటిని చెప్పేది అమహద్వాచకం.

పత్రికలో రోజూ చదువుతాం, 'మృత్యువు కబళించింది' అని. ఆ 'ఇంది' మన చెవిలో నాటుకుపోయింది. అందుకే 'మృత్యువు నా కోసం ఆగింది' అని రాస్తే పాఠకుడు తల ఎత్తడు. 'మృత్యువు నా కోసం ఆగాడు' అని రాసి చూడండి. 'ఆడు' అనగానే బండి దిగి ఒక మనిషి నిలబడతాడు. అక్షరాన్ని పెద్దది చేయనక్కరలేదు. యముడు అని మాత్రం రాయకండి. ఆయన వెంట దున్నపోతూ పాశమూ వస్తాయి. మీ కవితలోని మృత్యువు పెద్దమనిషి, మన్నన తెలిసినవాడు.

అమరత్వం సంగతి ఇంకా తేలిక. వస్తువులైతే మూడు, మనుషులైతే ముగ్గురు. 'బండిలో ముగ్గురం' అంటే చాలు, అమరత్వం కూడా మనిషై కూర్చుంటుంది.

మన బైబిలు చూడండి. దేవుడి పేరు వచ్చే చోట ఇంగ్లీషువారు 'ప్రభువు' అనే మాటను అన్నీ పెద్దక్షరాల్లో వేశారు. తెలుగు చేసినవారు ఆ అక్షరాల జోలికి పోకుండా, వాటి వెనుక ఉన్న పేరునే రాశారు. 'యెహోవా నా కాపరి' అని.

కరీంనగర్ అమ్మ:

నేను సాహిత్యం చదువుకోలేదు. మా అమ్మాయికి పుట్టుకతో వినపడదు కాబట్టి ఈ పెద్దక్షరం గొడవ నాకు వేరే దారిలో తెలిసింది. ఇంగ్లీషులో 'డెఫ్' అనే మాటను చిన్నక్షరంతో రాస్తే అది చెవి సంగతి. పెద్దక్షరంతో రాస్తే, సంజ్ఞలే తమ భాషగా బతికే ఒక సమాజం. జేమ్స్ వుడ్‌వర్డ్ అనే భాషావేత్త 1972లో ఈ తేడా పాటించాలని సూచించారు. అమెరికాలో డుబాయిస్ వంటి నల్లజాతి నాయకులు తమ జాతి పేరుకు పెద్దక్షరం కావాలని ఏళ్ల తరబడి అడిగితే, న్యూయార్క్ టైమ్స్ 1930లో ఒప్పుకుంది. ఆ ఒక్క అక్షరం కోసం అంత పోరాటం ఎందుకో నాకు బాగా అర్థమవుతుంది.

మన దగ్గర 'చెవిటి' అంటే వెంటనే శంఖం సామెత గుర్తుకొస్తుంది. 'బధిరులు' పత్రికల మాట, 'వినికిడి లోపం' దరఖాస్తుల మాట. రెండూ లేనిదాన్నే చెబుతాయి. నేను 'సంజ్ఞాభాషవారు' అని రాస్తాను, తెలుగువారు అన్నట్టే. ఆ 'వారు' పెట్టి రాసింది చూపించిన రోజు మా అమ్మాయి కాగితం నా చేతిలోంచి తీసుకుని రెండుసార్లు చదివింది.

విజయనగరం పంతులమ్మ:

అమ్మా, మీ 'సంజ్ఞాభాషవారు' ఇకనుంచి నేనూ వాడతాను.

మాస్టారూ, రాత్రి కూర్చుని మార్చాను. 'ఆయన ఆగాడు' అని పెట్టాను. ఇంట్లో పెద్దవాళ్ల గురించి చెప్పేటప్పుడు 'ఆయన వచ్చాడు' అంటాం కదా, ఆ చనువూ ఆ గౌరవమూ రెండూ కావాలి నాకు. 'ముగ్గురం' మాత్రం మీరు చెప్పిన చోట పెట్టలేదు. మూలంలో మొదట ఇద్దరే కనిపిస్తారు, అమరత్వం తర్వాతి పాదంలో గాని బయటపడదు. ముందే ముగ్గురం అంటే ఆ రాక పోతుంది. అందుకని ఇలా రాశాను: 'బండిలో ఆయనా నేనూ / అమరత్వమూ, ముగ్గురమే.'

ఇక బండి, బడి, పిల్లలు మిగిలారు. వీటిని మామూలుగా వదిలేస్తే 1890 నాటి సంపాదకులు చేసిన పనే నేనూ చేసినదాన్ని అవుతాను. అందుకు మనసు ఒప్పుకోవడం లేదు. 'బడి' అన్న మాటను ఒక పాదంలో ఒంటరిగా నిలబెట్టి, దాని చుట్టూ ఖాళీ వదిలి చూస్తున్నాను. దాటిపోతున్న బండిలోంచి చివరిసారి చూస్తున్న బడి కదా అది. ఆదివారానికి ఆ చరణం ఇక్కడ పెడతాను. మాస్టారూ, ఒకసారి బయటికి చదివి, చెవికి ఎలా ఉందో చెప్పండి.