చెమట ప్యాచా, కాంటానా? భర్తీకి ఉరికేటోళ్లు చెప్పుండ్రి

సిరొంచ పోరడు: పోలీస్ భర్తీకి ప్రాక్టీస్ చేస్తున్నం. మా బ్యాచ్‌ల ఒకాయన ముంజేతికి అంటించుకునే చెమట ప్యాచ్ తెప్పిచ్చిండు. ఉరికినంక ఫోన్‌తోని స్కాన్ చేస్తే ఎంత చెమట, ఎంత ఉప్పు పోయిందో చూపెడ్తది. ఒక్కసారికే, తర్వాత పారేసుడే. అందరం కొందామంటుండు. ఏమంటరు?

బల్లార్షా అక్క: తమ్మీ, 1600 మీటర్లు ఐదారు నిమిషాల ముచ్చట, దానికి చెమట లెక్కెందుకు? గంటన్నర ప్రాక్టీస్‌కైతే కాంటా ఉంది కదా. ఒంటికి పోయొచ్చి, తక్కువ బట్టల మీద తూగు. ఉరికినంక ఒళ్లు తుడుచుకొని మళ్ల తూగు. 62 కిలోలు 61.2 అయి, నడుమ అర లీటరు తాగి ఉంటే 1.3 లీటర్ల చెమట పోయినట్టు. మన దిక్కు ఎండల చెమట కారకముందే ఆరిపోతది, బట్టలు చూసి నమ్మకు.

నల్ల టీషర్టు: కాంటా ఉప్పు చెప్తదా అక్కా? నా టీషర్టు మీద తెల్ల చారలు తేల్తయ్, పక్కోనికి మరక కూడ ఉండది. లీటరు చెమటల సోడియం, అంటే ఉప్పుల ఉండేదే, ఒకనికి 20 మిల్లీమోల్స్ (దాని కొలత) ఉంటే ఇంకొకనికి 80 దాకుంటది. అందరికీ ఒకే తీరు ఓఆర్ఎస్ పోస్తే ఎట్ల?

ధర్మాబాద్ ల్యాబ్: ముంజేతి చెమట ఒళ్లంత చెమట కాదన్నా. నుదురు, వీపు ఎక్కువ కారుతయ్. యాప్ ఆ చిన్న జాగను చూసి మొత్తం ఒంటికి అంచనా కడ్తది. పైగా నీదే ఒళ్లు, జోరుగ ఉరికిన రోజు చెమటల ఉప్పెక్కువ, మెల్లగ ఉరికిన రోజు తక్కువ. చెమట గ్రంథి నాళం ఉప్పును వెనక్కి గుంజుకుంటది, చెమట జోరుగ పారితే దానికి టైం చాలది. ఎండకు అలవాటైనంక ఇంక తగ్గుతది. మార్చిల వచ్చిన అంకె మే నెలకు పనికిరాదు. ప్యాచ్ పెట్టుకున్న రోజే కాంటా మీద కూడ తూగి చూడుండ్రి, రెండు లెక్కలు ఎంత దూరమున్నయో తెలుస్తది.

నల్ల టీషర్టు: అంచనాయే అనుకో. నాది ఎక్కువా తక్కువా అన్నదన్న తెలుస్తది కదా!

బల్లార్షా అక్క: తెలుసుకో, వద్దన్లే. నా భయం వేరే. యాప్ చెప్పింది కదా అని కడుపు నిండ నీళ్లు తాగుతరు. 2002 బోస్టన్ మారథాన్‌ల 488 మంది రక్తం చూస్తే 13 శాతం మందికి రక్తంల సోడియం మరీ పలచబడి పడిపోయింది. ముఖ్యంగ ఉరుకుతుంటె బరువు పెరిగినోళ్లకు. ప్యాచ్ పోయిన చెమటనే చూస్తది. తాగింది ఎక్కువైందని చెప్పేది కాంటానే.

సిరొంచ పోరడు: సరే, రెండు ప్యాచులే తెప్పిస్తున్నం, నల్ల టీషర్టసొంటోళ్లకు. మిగిలిన పైసలతోని వంద గ్రాముల తేడా పట్టే డిజిటల్ కాంటా. అది గ్రౌండ్ కాడ ఎవరింట్ల పెట్టాల్నో మాత్రం ఇంక తెగలే.