లక్షణాలు లేకపోయినా కొలనోస్కోపీ చేయించుకోవాలా?

తెనాలి అబ్బాయి:
న్యూజెర్సీలో ఉన్న మా అక్క ఈమధ్య కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేయించుకుంది. అమెరికాలో 2021 నుంచి 50 ఏళ్లకి బదులు 45కే మొదలుపెట్టమంటున్నారు కదా. రెండు పాలిప్‌లు (పేగు లోపలి గోడమీద పెరిగే చిన్న బుడిపెలు) కనబడితే అప్పుడే తీసేశారు. అప్పట్నుంచి నన్నూ చేయించుకోమని రోజూ ఫోన్. నాకు 44, ఒంట్లో ఏ ఇబ్బందీ లేదు. మన దగ్గర కూడా అందరికీ అవసరమంటారా?

వరంగల్ వాసి:
అక్కర్లేదండి. అమెరికాతో పోలిస్తే మన దేశంలో పెద్దపేగు క్యాన్సర్ చాలా తక్కువ. పోలండ్, నార్వే, స్వీడన్‌లలో జరిగిన పెద్ద ట్రయల్ (వైద్య అధ్యయనం) ఫలితాలు 2022లో వచ్చాయి. పదేళ్లలో ఈ క్యాన్సర్ బయటపడింది కొలనోస్కోపీకి పిలిచినవాళ్లలో 0.98 శాతం మందికి, పిలవనివాళ్లలో 1.20 శాతం మందికి. ఇంత తేడా కోసం అందరినీ పంపితే, విరేచనంలో రక్తం పడుతున్నవాళ్లకి డేట్ దొరకదు.

డల్లాస్ తెలుగు:
ఆ ట్రయల్‌లో పిలిచినవాళ్లలో నిజంగా వెళ్లింది 42 శాతమే, అదీ చెప్పాలి కదండీ. పాలిప్ నొప్పి పెట్టదు. క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్ల దాకా పడుతుంది. ఆ పదేళ్లే మన చేతిలో ఉన్న టైమ్. కొలనోస్కోపీ కష్టమనుకుంటే మలంలో కంటికి కనబడని రక్తాన్ని పట్టే ఫిట్ పరీక్ష ఉంది. ఇంగ్లండ్‌లో రెండేళ్లకోసారి కిట్ ఇంటికే పంపుతారు.

గోదావరి గట్టు:
మన ఊళ్లలో లక్షణాలు ఉన్నవాళ్లకే పరీక్ష జరగట్లేదండి. మా అమ్మకి ఏడు నెలలు రక్తం పడింది. సిగ్గుపడి మూడో నెలలో గానీ మాతో చెప్పలేదు. బస్టాండ్ దగ్గర 'ఆపరేషన్ లేకుండా మొలలు నయం' అని బోర్డు పెట్టినచోటికి తీసుకెళ్లాం. లేహ్యం ఇచ్చారు. తర్వాత చూసిన డాక్టరు కూడా మొలలే అన్నారు. హిమోగ్లోబిన్ 7కి పడిపోతే ఐరన్ మాత్రలు రాశారు. ఎందుకు పడిపోయిందని ఎవరూ అడగలేదు. చివరికి ఒక డాక్టరమ్మ గ్లవ్ వేసుకుని వేలితో చూశారు, ఒక్క నిమిషం. గడ్డ తగిలింది. మలాశయం క్యాన్సర్, మూడో స్టేజి. ముందు రేడియేషన్, కీమో, ఆ తర్వాత ఆపరేషన్. ఇప్పుడు మలం పోవడానికి పొట్టమీద సంచి, అమ్మే మార్చుకుంటుంది. ఆ నిమిషం పరీక్ష మొదటిరోజే చేసుంటే అనుకుని ఇప్పటికీ నాకు నిద్రపట్టదు. రక్తం పడినా, విరేచనం తీరు వారాల తరబడి మారినా, కారణం తెలియకుండా రక్తహీనత వచ్చినా మొలలేలే అని సరిపెట్టుకోకండి, దయచేసి.

తెనాలి అబ్బాయి గారూ, మీ సంగతి వేరు. అక్కగారికి తీసిన పాలిప్‌లని ల్యాబ్‌లో చూసిచ్చిన పాథాలజీ రిపోర్ట్ అడగండి. పాలిప్ సెంటీమీటరు, అంతకన్నా పెద్ద అడినోమా (క్యాన్సర్‌గా మారగలిగే రకం) అయితే మీకు 40 నుంచే చేయించుకోమంటారు. అమ్మ తర్వాత నేనూ, తమ్ముడూ చేయించుకున్నాం.

వరంగల్ వాసి:
అమ్మగారి విషయం చదివి బాధేసిందండి. రిపోర్ట్ అలా ఉంటే నా మాట పట్టించుకోవద్దు, చేయించుకోండి. లక్షణాలూ, కుటుంబ చరిత్రా లేనివాళ్ల గురించి మాత్రం నా అభిప్రాయం అదే.

తెనాలి అబ్బాయి:
రిపోర్ట్ వచ్చింది. ఒక అడినోమా 12 మిల్లీమీటర్లు. గుంటూరులో గురువారానికి డేట్ తీసుకున్నా. పేగు శుభ్రం కావడానికిచ్చే పౌడర్ తాగలేమంటున్నారు, నిజమేనా?

గోదావరి గట్టు:
ఉప్పగా ఉంటుంది. కలిపి ఫ్రిజ్‌లో చల్లబరిచి, కొంచెం కొంచెంగా తాగండి. విరేచనం లేత పసుపు నీళ్లలా తేటగా వస్తేనే లోపల సరిగ్గా కనబడుతుంది. సగంలో ఆపకండి.