పదవీ విరమణకు రెండేళ్లు, ఖాతాలో ముప్పై ఏడు షేర్లు: ఏవి ఉంచాలి, ఏవి వదలాలి?

ఒంగోలు ఇంజినీరు:

అందరికీ నమస్కారం. నేను విద్యుత్ శాఖలో పనిచేస్తున్నాను, పదవీ విరమణకు ఇంకా రెండేళ్లుంది. 2006లో డీమ్యాట్ ఖాతా (షేర్లను ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకునే ఖాతా) తెరిచిన నాటి నుంచి జీతంలో నాలుగు డబ్బులు మిగిలినప్పుడల్లా ఏదో ఒక షేరు కొంటూ వచ్చాను. పత్రికలో చదివి కొన్నవి కొన్ని, సహోద్యోగి చెబితే కొన్నవి కొన్ని, బాగా పడింది కదా చవకగా వస్తోందని కొన్నవి మరికొన్ని. ఇప్పుడు రెండు ఖాతాల్లో కలిపి 37 కంపెనీల షేర్లున్నాయి. మొత్తం విలువ 31 లక్షలకు అటూ ఇటూగా ఉంటుంది. అందులో 19 లక్షలు మూడే మూడు కంపెనీలవి. మిగిలిన 34 కంపెనీల్లో 15 నేను కొన్న ధరలో సగం కూడా పలకడం లేదు, నాలుగింటిలో ట్రేడింగే నిలిచిపోయింది.

పెద్దవైన ఆ మూడింటిలో ఒకటి మా నాన్నగారు కొన్నది. ఆయన పోయిన తర్వాత 2015లో నా పేరు మీదికి వచ్చింది. వచ్చే ఏడాది చివర్లో అమ్మాయి పెళ్లి చేయాలనుకుంటున్నాం, దానికి ఇందులోంచి 12 లక్షలు తీయవలసి ఉంటుంది. నష్టంలో ఉన్నవి అమ్మడానికి చేయి రావడం లేదు, లాభంలో ఉన్నవి అమ్మితే పన్ను పడుతుందంటున్నారు. ఇలాంటి చిక్కులో పడి బయటికి వచ్చినవారు ఏం చేశారో, ఏ వరసలో చేశారో తెలుసుకోవాలని ఉంది. ఏ షేరు కొనాలని మాత్రం అడగడం లేదు.

గుంటూరు యార్డు:

అన్నగారూ, మాది మిర్చి వ్యాపారం. మీ ప్రశ్న చదివితే మా యార్డులో ప్రతి వేసవిలో చూసే దృశ్యమే గుర్తుకొచ్చింది. ధర లేదని రైతు సరుకును కోల్డ్ స్టోరేజీలో పెడతాడు. బస్తాకు ఇంతని అద్దె, తెచ్చిన అప్పుకు వడ్డీ, నిల్వ ఉన్నకొద్దీ తగ్గే రంగు, ఈ మూడూ కళ్లెదుట కనిపిస్తుంటాయి కాబట్టి, ఎంత మొండివాడైనా కొత్త పంట వచ్చేలోపు ఏదో ఒక ధరకు తెగించి అమ్ముతాడు. షేరుకు అద్దె అడిగేవాడు ఎవరూ ఉండరు. అందుకే అది పదేళ్లయినా ఖాతాలో అలాగే పడి ఉంటుంది.

నేను 2011లో ఒక నిర్మాణ సంస్థ షేరును 84 రూపాయలకు కొన్నాను. అది 40కి వచ్చినప్పుడు కొంత, 22కి వచ్చినప్పుడు మరికొంత కొని, సగటు ధర తగ్గించుకున్నానని సంతోషించాను కూడా. చివరికి 2020లో 9 రూపాయలకు వదిలించుకున్నాను. అదే సొమ్ము ఆ తొమ్మిదేళ్లూ పోస్టాఫీసులో ఉంటే ఎంతయ్యేదో ఒక రాత్రి కూర్చుని లెక్క వేశాక, నేను కట్టిన అద్దె ఎంతో తెలిసింది. వంద రూపాయల షేరు యాభైకి పడితే మళ్లీ వంద కావడానికి రెట్టింపు కావాలి. ముప్పైకి పడితే 233 శాతం పెరగాలి. మీ పదిహేనింటిలో ఎన్నింటికి ఆ సత్తా ఉందో మీరే చూసుకోవాలి.

నాకు పనికొచ్చిన పద్ధతి ఒకటుంది. కాగితం మీద అన్ని కంపెనీల పేర్లూ రాయండి, కొన్న ధర మాత్రం రాయకండి. పక్కన ఆ కంపెనీ ఏం అమ్మి సంపాదిస్తోందో, అప్పు పెరుగుతోందో తరుగుతోందో, ప్రమోటర్ల (కంపెనీని స్థాపించి నడిపేవారి) షేర్లు తాకట్టులో ఉన్నాయో లేదో రాయండి. తాకట్టు వివరం మూడు నెలలకొకసారి స్టాక్ ఎక్స్ఛేంజి వెబ్‌సైట్లలో వాటాదారుల పట్టికలోనే ఉంటుంది. దేని పక్కన ఈ గడులు నింపలేకపోయారో అది మీకు తెలియని కంపెనీ. నేను అటువంటివాటిని రెండు విడతల్లో తీసేశాను.

బెజవాడ పద్దులు:

నేను ముప్పై ఏళ్లుగా రిటర్నులు వేస్తున్న పన్ను సలహాదారును. యార్డు గారు చెప్పినదానికి పన్ను లెక్క కలిపితే, మీరు భయపడుతున్న నష్టపు షేర్లే మీకు అక్కరకొస్తాయి.

ఏడాదికి మించి ఉంచుకున్న లిస్టెడ్ షేర్ల లాభంపై, 2024 జూలై 23 నుంచి, ఆర్థిక సంవత్సరానికి 1.25 లక్షలు దాటిన మొత్తం మీద 12.5 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్సు పడుతున్నాయి. ఏడాదిలోపు అమ్మితే 20 శాతం. దీర్ఘకాలిక నష్టాన్ని, అంటే ఏడాదికి మించి ఉంచుకున్న షేర్ల నష్టాన్ని, దీర్ఘకాలిక లాభంలోంచి మాత్రమే తీసివేయవచ్చు. స్వల్పకాలిక నష్టాన్ని రెండింటిలోంచీ తీసివేయవచ్చు. రిటర్ను గడువులోపు వేస్తే మిగిలిన నష్టాన్ని ఎనిమిదేళ్లపాటు ముందుకు తీసుకువెళ్లవచ్చు.

ఉదాహరణకు మీరు పెళ్లి కోసం పెద్ద షేర్లలో కొంత అమ్మగా 6 లక్షల లాభం వచ్చిందనుకుందాం. నష్టాలేవీ చూపకపోతే 4.75 లక్షల మీద సెస్సుతో కలిపి 61,750 రూపాయల పన్ను కట్టాలి. అదే సంవత్సరంలో చెడిపోయిన షేర్లు అమ్మి 3.5 లక్షల దీర్ఘకాలిక నష్టం తేల్చుకుంటే, పన్ను పడేది 1.25 లక్షల మీదే, అంటే 16,250 రూపాయలు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ముందు నష్టం తీసివేసిన తర్వాతే 1.25 లక్షల మినహాయింపు వర్తిస్తుంది కాబట్టి, లాభం లక్ష మాత్రమే ఉన్న ఏడాదిలో నష్టాలు తేల్చుకుంటే, ఎలాగూ పన్ను పడని లాభం మీద ఆ నష్టం కరిగిపోతుంది. పెద్ద లాభం తీసుకునే ఏడాదికే నష్టాలను జతచేయండి. వీలైతే అమ్మకం రెండు ఆర్థిక సంవత్సరాల్లో పడేలా మార్చిలో కొంత, ఏప్రిల్‌లో కొంతగా విడగొట్టండి, మినహాయింపు రెండుసార్లు దక్కుతుంది.

నాన్నగారి షేర్ల విషయంలో ఆయన కొన్న ధరే మీ ధర, ఆయన కొన్న తేదీ నుంచే కాలం లెక్క. అయితే 2018 జనవరి 31కి ముందు కొన్నవి కాబట్టి, ఆ రోజు ఎక్స్ఛేంజిలో పలికిన గరిష్ఠ ధర అసలు ధర కంటే ఎక్కువైతే, అమ్మిన ధరకు మించకుండా దాన్నే కొనుగోలు ధరగా తీసుకోవచ్చు. అప్పటిదాకా పెరిగిన విలువ మీద పన్ను ఉండదన్నమాట. ట్రేడింగ్ నిలిచిపోయిన నాలుగింటి సంగతి వేరు. ఖాతాలో సున్నా కనిపించినంత మాత్రాన అది నష్టం కిందికి రాదు, అమ్మకం జరిగి తీరాలి.

వరంగల్ బట్టల కొట్టు:

అందరూ అమ్మమనే అంటున్నారు. మార్కెట్ ఇంత బాగున్నప్పుడు పెళ్లికి ఏడాదిన్నర ముందే 12 లక్షలు తీసి బ్యాంకులో పెట్టడం నాకు తెలివైన పనిగా తోచడం లేదు. చివరి రెండు నెలల్లో తీసుకుంటే సరిపోదా?

కరీంనగర్ మాస్టారు:

కొట్టు గారూ, నేనూ సరిగ్గా అలాగే అనుకున్నాను. మా పెద్దమ్మాయి పెళ్లి 2020 ఏప్రిల్‌కు కుదిరింది. డబ్బు మార్చిలో తీద్దాంలే అని ఊరుకున్నాను. జనవరిలో 42 వేలకు చేరువలో ఉన్న సెన్సెక్స్ మార్చి 23న 26 వేల దిగువన ముగిసింది, ఆ ఒక్కరోజే 3,934 పాయింట్లు పడింది. కల్యాణ మండపానికి బాకీ కట్టాలన్న కంగారులో ఆ వారమే అమ్మేశాను. లాక్‌డౌన్ వల్ల పెళ్లి వాయిదా పడి, ఆగస్టులో ముప్పై మంది సమక్షంలో జరిగింది. తీసిన డబ్బులో మూడోవంతు కూడా ఖర్చు కాలేదు. నవంబరుకల్లా సూచీ పాత స్థాయి దాటింది. మిగిలిన డబ్బుతో మళ్లీ కొనే ధైర్యం నాకు ఏడాది దాకా రాలేదు.

కాబట్టి ఇంజినీరు గారూ, మార్కెట్ పెరుగుతుందా పడుతుందా అన్న చర్చ ఆ 12 లక్షల విషయంలో అనవసరం. ముహూర్తం తేదీ తెలిసిన డబ్బును షేర్లలో ఉంచకండి.

కూకట్‌పల్లి కోడు:

నా అభిప్రాయం కాస్త వేరు. నష్టంలో ఉన్న పదిహేనింటి గురించే అందరూ మాట్లాడుతున్నారు గానీ, అసలు ప్రమాదం మూడు కంపెనీల్లో ఉన్న 19 లక్షల్లో ఉంది. 34 కంపెనీల్లో విడివిడిగా ఉన్న 12 లక్షల్లో ఒకటి పోతే సగటున ముప్పై అయిదు వేలు పోతాయి. ఆ మూడింటిలో ఒకటి సగానికి పడితే మూడు లక్షలకు పైగా పోతాయి. ఎంత మంచి కంపెనీ అయినా లోపలి సంగతి మనకు తెలియదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ ఖాతాలు తప్పుడువని లేఖ రాసిన రోజున ఆ షేరు నాలుగింట మూడొంతులకు పైగా పడిపోయింది. ముందురోజు దాకా అది సూచీలో ఉన్న పెద్ద కంపెనీయే.

మా రంగంలో ఇది మరీ ఎక్కువ. జీతం ఇచ్చేది ఆ కంపెనీయే, బోనసుగా వచ్చే షేర్లూ ఆ కంపెనీవే. నేను ఏ ఒక్క కంపెనీ అయినా మొత్తంలో పదోవంతు దాటితే, దాటినంత మేరకు ఏటా మార్చిలో అమ్మి, నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండులో (ఆ సూచీలోని యాభై కంపెనీల్లోనూ పెట్టే మ్యూచువల్ ఫండు) వేస్తున్నాను. పెరిగే షేరును కత్తిరించినందుకు రెండేళ్లు బాధపడ్డాను, మూడో ఏడు నిద్ర పట్టింది.

నెల్లూరు ఆప్షన్లు:

పదవీ విరమణ తర్వాత నెలనెలా ఆదాయం కావాలంటే, ఆ మూడు షేర్ల మీద కాల్ ఆప్షన్లు, అంటే ముందే అనుకున్న ధరకు మన షేర్లు కొనే హక్కును, డబ్బు తీసుకుని అమ్ముకోవచ్చు కదా? చేతిలో షేర్లుంటే పెద్ద నష్టం ఉండదు.

బెజవాడ పద్దులు:

షేరు ఆప్షన్లు మన దగ్గర షేర్లు ఇచ్చిపుచ్చుకోవడంతోనే ముగుస్తాయి. ధర పెరిగిపోతే నాన్నగారి షేర్లను గడువు రోజున అప్పగించవలసి వస్తుంది, పన్ను కూడా అప్పుడే పడుతుంది. పైగా లాట్ (ఒక ఒప్పందానికి నిర్ణయించిన షేర్ల సంఖ్య) పరిమాణానికి సరిపడా షేర్లు లేకపోతే అసలు కుదరదు. మొదట ఇలాగే మొదలై, ఆరు నెలల్లో చేతిలో లేని వాటి మీద కూడా అమ్మడానికి అలవాటుపడినవారి రిటర్నులు నేను చాలా వేశాను. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో ఇచ్చిన అధ్యయనం ప్రకారం, అంతకు ముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్లలో వ్యాపారం చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు దాటింది. ఇంజినీరు గారికి వడ్డీకి ఆశపడి అసలుకే ఎసరు తెచ్చుకోవలసిన అవసరం లేదు.

రాజమండ్రి గోదావరి:

మీరంతా అమ్మడం, కొనడం గురించి రాశారు. నేను మరో సంగతి చెప్పాలి. మా వారు నాలుగేళ్ల క్రితం హఠాత్తుగా పోయారు. ఆయనకు మూడు డీమ్యాట్ ఖాతాలున్నాయని నాకు తెలిసింది పదకొండో రోజు తర్వాత, ఆయన ఈమెయిలుకు డిపాజిటరీ (డీమ్యాట్ షేర్లను భద్రపరిచే సంస్థ) నుంచి నెలనెలా వచ్చే ఏకీకృత ఖాతా వివరణ చూసినప్పుడు. ఒక ఖాతాలో నామినీగా నా పేరు ఉంది, అది నెలలోపే తేలిపోయింది. రెండో ఖాతాలో పెళ్లికి ముందు రాసిన వారి అమ్మగారి పేరు ఉంది. మూడోదానిలో ఎవరి పేరూ లేదు. ఆ మూడోదాని కోసం వారసత్వ ధ్రువపత్రం, అఫిడవిట్లు, సంతకాల సరిచూపు అంటూ పద్నాలుగు నెలలు తిరిగాను. ఈలోగా అందులోని షేర్లు పడుతున్నా చూస్తూ కూర్చోవడం తప్ప చేయగలిగిందేమీ లేకపోయింది.

నామినీ అంటే సొత్తుకు యజమాని అని కూడా అనుకోకండి. కంపెనీల చట్టం కింద నామినీ వారసుల తరఫున పుచ్చుకునేవారే తప్ప వారసత్వ హక్కును దాటలేరని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి నామినీ పేరుతో పాటు వీలునామా కూడా ఉండాలి. అన్నయ్యగారూ, మీ రెండు ఖాతాల సంగతి వదినగారికి తెలుసా?

డాలస్ నుంచి:

చిన్న మాట. పెళ్లి తర్వాత అమ్మాయి విదేశం వెళ్లే అవకాశం ఉంటే, ఆమె పేరు మీద ఉన్న ఖాతాను ప్రవాస భారతీయుల ఖాతాగా మార్పించుకోవాలి, రెసిడెంటు ఖాతాగా కొనసాగించకూడదు. తల్లిదండ్రులు ఇచ్చే షేర్ల మీద ఇచ్చిననాడు ఆమెకు ఇండియాలో పన్ను ఉండదు, మీరు కొన్న ధరే ఆమెకూ వర్తిస్తుంది. అమెరికాలో పన్ను రిటర్ను వేసేవారికి అక్కడి నిబంధనలు వేరుగా ఉంటాయి కాబట్టి, షేర్లు బదలాయించే ముందు అడిగి తెలుసుకోండి.

ఒంగోలు ఇంజినీరు:

అందరికీ కృతజ్ఞతలు. ఈ మూడు వారాల్లో ఏం జరిగిందో రాస్తున్నాను.

యార్డు గారు చెప్పినట్లు కొన్న ధర రాయకుండా పట్టిక వేశాను. 37లో 11 కంపెనీల గడులే నింపగలిగాను. తొమ్మిది కంపెనీలు ఎందుకు కొన్నానో మాత్రమే కాదు, ఎప్పుడు కొన్నానో కూడా గుర్తు లేదు; వాటిలో రెండు ఒకే గ్రూపువని ఇప్పుడే తెలిసింది. నష్టంలో ఉన్న పదిహేనింటిలో పదమూడు అమ్మేశాను. మిగిలిన రెండింటికి అప్పు తగ్గుతోంది కాబట్టి ఉంచాను. వాటితో పాటు పెద్దవైన రెండు షేర్లలో కొంత అమ్మి, 7 లక్షలు బ్యాంకులో డిపాజిట్ చేశాను. పద్దులు గారి సలహా ప్రకారం మిగతా 5 లక్షలు ఏప్రిల్ మొదటి వారంలో తీస్తాను. కూకట్‌పల్లి మిత్రుడి పదోవంతు నియమం ఒక్కసారిగా పాటించలేను గానీ, మూడేళ్లలో అక్కడికి చేరతాను.

నాన్నగారి షేర్లు ఒక్కటీ అమ్మలేదు. 2018 జనవరి నాటి ధర చూసుకున్నాను, పన్ను నేను భయపడినంత ఉండదు. అయినా చేయి రాలేదు, అది లెక్కకు సంబంధించిన విషయం కాదని ఒప్పుకుంటున్నాను.

రాజమండ్రి చెల్లెమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు: తెలియదు. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని రెండు ఖాతాలూ తెరిచి చూశాం. పాత ఖాతాలో నామినీగా మా అమ్మ పేరు ఉంది, ఆవిడ 2017లోనే పోయింది. మార్పు ఫారం నింపి, బ్రోకరు కార్యాలయానికి సోమవారం ఇద్దరం కలిసి వెళ్తున్నాం.