రూటర్ ఇన్వర్టర్ మీదే ఉన్నా, కరెంటు పోతే నెట్ ఎందుకు పోతోంది?

కోనసీమ_ఐటీ: కరెంటు పోయిన సరిగ్గా నలభై నిమిషాలకి మా నెట్ పోతుంది. రూటర్ వెలుగుతూనే ఉంటుంది, ఎర్ర లైటు ఒక్కటి మిణుకుమిణుకుమంటుంది. ఫైబర్లో పోయేది కాంతే కదా, దానికి కరెంటెందుకు? ఆ సన్న వైరు కిటికీ సందులోంచి మడిచి తెచ్చారు, అదేమైనా కారణమా? రూటర్‌కి పెట్టే చిన్న బ్యాటరీ డబ్బా, అదే మినీ యూపీఎస్, ఏది కొనొచ్చు?

మిర్చి_బజ్జీ: మా ఇన్వర్టర్ మారే క్షణంలో రూటర్ రీస్టార్ట్ అయ్యేది, మీటింగులో రోజూ పరువు పోయేది. అందుకే మినీ యూపీఎస్ కొన్నా. 12 వోల్టులు, 8800 ఎంఏహెచ్. రూటర్ 9 వాట్లు. లెక్కేసుకోండి, 11 గంటలు పైనే.

పాత_రేడియో: 11 గంటలా! ఆ 8800 లోపలి సెల్స్ లెక్క బాబూ, 3.7 వోల్టుల దగ్గర. గుణిస్తే 32 వాట్ అవర్లు చిల్లర. 12కి పెంచడంలో కొంత పోగా 3 గంటలు వస్తే దండం పెట్టుకో.

మిర్చి_బజ్జీ: అట్ట మీద 12 వోల్టులనే రాసుంది. మీరు రేడియోలు బాగుచేసే కాలంలోనే ఉండిపోయారు.

పాత_రేడియో: అట్ట మీద రాసింది నమ్మేవాళ్లుంటే అట్టలే అమ్ముడుపోతాయి. చార్జింగ్ పిన్ను పీకి గడియారం చూసుకో.

స్ప్లైసర్_అన్న: పద్నాలుగేళ్లుగా ఫైబర్ అతుకులు వేస్తున్నా, ఎవరూ అసలు ప్రశ్న చదవలేదు. ఎర్ర లైటు అంటే అవతలి నుంచి వెలుగు రావట్లేదని. స్తంభం మీద డబ్బాలో స్ప్లిటర్ ఉంటుంది, ఒక పోగుని 32 ఇళ్లకి పంచుతుంది, దానికి కరెంటు అక్కర్లేదు. కానీ ఆ వెలుగుని పుట్టించే ఓఎల్టీ పెట్టె ఆపరేటర్ గదిలో ఉంటుంది, దానికి కావాలి. నలభై నిమిషాలంటే అక్కడ బ్యాటరీ చచ్చినట్టే. మడత వల్లయితే కరెంటున్నా ఇదే గోల ఉండేది.

కేబుల్_బాబాయ్: ఆపరేటర్ని అనడం తేలిక. నేనూ ఆపరేటర్నే. 48 వోల్టులకి నాలుగు బ్యాటరీలు పెట్టా, ఎండాకాలం రేకుల షెడ్డు వేడికి రెండేళ్లకే పొట్టలు ఉబ్బాయి. మీరేమో నెల బిల్లు పదిహేనో తారీకు దాకా కట్టరు, పైగా కోతులు కేబుల్ పట్టుకుని ఊగితే ఫోన్ నాకే.

ఉక్కునగరం: హుద్‌హుద్ తుఫాను చూశారా ఎవరైనా? 2014 అక్టోబర్ 12, విశాఖ. కరెంటు రోజుల తరబడి లేదు, ఫోన్లో గీత కూడా లేదు. స్తంభాలే పడ్డాక వాటికి కట్టిన తీగ ఏమవుతుంది? ఎంత బ్యాటరీ ఉన్నా ఏం లాభం? భూమిలో వేయాలి.

కేబుల్_బాబాయ్: భూమిలో వేస్తే పైపులైను జేసీబీ వస్తుంది సారూ. తవ్వే ఖర్చు మీరిస్తారా?

మా_ఇంటి_ఇంజనీర్: మా రూటర్‌కి ఫైబర్ గుచ్చే పిన్ను ఆకుపచ్చ, పాతది నీలం. నేనే మార్చి పెట్టేశా, ఏం కాలేదు. ఊరికే భయపెడతారు.

స్ప్లైసర్_అన్న: ఆకుపచ్చది 8 డిగ్రీల ఏటవాలుగా చెక్కి ఉంటుంది, నీలంది ఏటవాలు లేకుండా. రెండూ కలిస్తే మధ్యలో సందు, సిగ్నల్ సగానికి సగం గోవిందా. మీకు పనిచేస్తోందంటే ఓఎల్టీ దగ్గరున్నట్టు, తెలివి కాదు. ఆ పిన్నులో కన్ను పెట్టి చూడొద్దు, అందులో వచ్చేది కంటికి కనపడదు.

మా_ఇంటి_ఇంజనీర్: నేర్పడానికి మీరెవరు? నా ఇల్లు, నా పిన్ను.

కోనసీమ_ఐటీ: మా ఆపరేటర్ గదికి వెళ్లొచ్చా. అన్న చెప్పిందే. ఓఎల్టీ ఉన్న ఇన్వర్టర్ మీదే టేబుల్ ఫ్యాను, రెండు కెమెరాలు, టీవీ. కరెంటు పోయుంది, కుర్రాడు ఫ్యాను గాలికి కునుకు తీస్తున్నాడు. బ్యాటరీ నీళ్లు ఎప్పుడు పోశారంటే "నీళ్లు పోయాలా?" అన్నాడు. ఫ్యాను, టీవీ ఆపించా. నిన్న రెండు గంటలు నెట్ ఆగింది, అంటే పోకుండా ఆగింది. ఇంతకీ మినీ యూపీఎస్ సంగతి చెప్పలేదు ఎవరూ.

మిర్చి_బజ్జీ: నాదైతే తీసుకోకండి. పిన్ను పీకి చూశా, 2 గంటల 50 నిమిషాలు. అయినా నాది ఏడాది పాతది, అదీ లెక్కలో వేసుకోవాలి.

పాత_రేడియో: వేసుకున్నాం నాయనా.