అప్‌డేట్: న్యూజిలాండ్‌లో కారు నడిపి వచ్చాం

ఒంగోలులో తీసుకున్న లైసెన్సుతో న్యూజిలాండ్‌లో కారు నడపొచ్చా అని అడిగాను కదా, వెళ్లొచ్చాం. ఇంగ్లీషులో ఉన్న లైసెన్సు చాలు. అయినా నాన్న పోరు పడలేక ఆర్టీఓ ఆఫీసులో 1,000 రూపాయలు కట్టి ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా తీసుకున్నాను. అద్దె కారు డిపాజిట్‌కి మాత్రం డ్రైవర్ పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలి.

అక్కడా ఎడమ వైపే కాబట్టి టెన్షన్ లేదు. అసలు చూసుకోవాల్సింది ఒక్క బండే పట్టే వంతెనలు. గుండ్రటి బోర్డు మీద మనం వెళ్లే దిశలో చిన్న ఎర్ర బాణం ఉంటే ఆగి ఎదుటి బండికి దారివ్వాలి. నీలం బోర్డు మీద పెద్ద తెల్ల బాణమైతే ముందు మనదే. హారన్ కొట్టి దూరిపోవడానికి అదేమీ మన ట్రంకు రోడ్డు కాదు!

క్వీన్స్‌టౌన్ దగ్గర స్కిప్పర్స్ రోడ్డు అనే ఇరుకు కొండ దారిలో అద్దె కార్లకు ఇన్సూరెన్స్ వర్తించదు. మా బావ ఎంత ఉబలాటపడినా అటు తిప్పలేదు.